జెట్ బోటు లాగకపోతే ఇంజను విప్పకండి

సెకండ్ హ్యాండ్‌లో జెట్ బోటు కొన్నవాళ్ళు నెల తిరక్కముందే అనే మాట ఒకటుంది: "ఇంజను లాగట్లేదు." లాగనిది బోటు. తప్పు ఇంజనుదో కాదో ఇంకా తేలలేదు. ఆ సంగతి తేల్చుకోకుండానే కార్బొరేటరు విప్పించి, ఇంజెక్టర్లు కడిగించి, చివరికి పిస్టన్ రింగులు కూడా మార్పించి, ఉన్న డబ్బంతా పోశాక కూడా బోటు అలాగే ఈడ్చుకుంటూ పోతుంటే చూసే నాకే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఈ సలహాలు. వినగానే చాలావరకు తలకిందులుగా అనిపిస్తాయి. ప్రతిదానికీ కారణం ఉంది, అదీ చెబుతాను.

తిరువూరు వైపు వాళ్ళకు అదనంగా ఇంకో చిక్కు ఉంది. బోటు ఉండేది ఇక్కడ, నీళ్ళుండేది అక్కడ. గంపలగూడెం వైపు కట్టలేరు వాగు వానలకు పొంగి దారులు మూసేస్తుంది, ఎండాకాలంలో ఇసుక తేలి కనిపిస్తుంది. ఏ కాలంలోనూ అది జెట్ బోటు దించే చోటు కాదు. జాతీయ రహదారి పట్టుకుని మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం చేరితేనే కృష్ణమ్మ. అందువల్ల బోటుకు వైద్యమంతా మామిడితోట షెడ్డులో, ట్రాలీ మీద, నేల మీదే జరిగిపోతుంది. మెకానిక్కు రెండు మూడుసార్లు రేజింగు ఇచ్చి "చప్పుడు బ్రహ్మాండంగా ఉంది సార్" అంటాడు. నీళ్ళు తోడని పంపు ఇంజను మీద ఏ భారమూ వేయదు. భారం లేని ఇంజను చప్పుడు ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది.

ముందు పంపుసెట్ల మెకానిక్కును పిలవండి

కారు మెకానిక్కుకు కబురు పెట్టడం తర్వాత. బోర్లు, పంపుసెట్లు బాగుచేసే మనిషిని ముందు పిలవండి. జెట్ బోటుకు బయట తిరిగే ఫ్యాను ఉండదు. అడుగున ఉన్న జాలీ లోంచి నీళ్ళను లోపలికి లాగి, ఇంపెల్లరుతో తోసి, వెనక సన్నటి నాజిల్ లోంచి చిమ్ముతుంది. ఆ ధార వెనక్కి పోయే వేగమే బోటును ముందుకు నెడుతుంది. ఇంజను చేసేదల్లా ఇంపెల్లరును తిప్పడమే. పొలంలో మోటారు గుయ్యిమని తిరుగుతూ పైపులో నీళ్ళు సన్నగా వస్తుంటే మోటారు వైండింగు విప్పమని ఏ రైతూ అనడు. ఫుట్ వాల్వులో చెత్త ఇరికిందా, ఎక్కడైనా గాలి పట్టిందా, ఇంపెల్లరు అరిగిందా అని చూస్తాడు. జెట్ బోటు వెనక భాగానికి కావలసిన తెలివి అచ్చంగా ఇదే. ఈ తెలివి ఉన్నవాళ్ళు మన పల్లెల్లో కావలసినంతమంది ఉన్నారు.

జెట్ బోటు పుట్టుకలోనే ఈ పాఠం ఉంది. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో నదులు గులకరాళ్ళ మీద పాయలుపాయలుగా, లోతు లేకుండా పారతాయి. మామూలు ఫ్యాను అక్కడ రాళ్ళకు తగిలి విరిగిపోతుంది. బిల్ హామిల్టన్ అనే ఇంజనీరు 1950ల్లో ఆ నదుల కోసం ఈ బోటుకు రూపమిచ్చాడు. మొదట్లో ధారను నీళ్ళ అడుగునే వదిలితే బోటు మందకొడిగా నడిచింది. నాజిల్‌ను నీటిమట్టానికి కాస్త పైకి తెచ్చి ధారను గాల్లోకి చిమ్మించాక వేగం పుంజుకుంది. మారింది ఇంజను కాదు, వెనకున్న నీటిదారి. ఆ జాతి బోట్లే 1960లో కొలరాడో నదిలో గ్రాండ్ క్యానియన్ గుండా ఎదురెక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ నుంచి గంగలో ఎదురుప్రయాణం మొదలుపెట్టి నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డం వచ్చేదాకా వెళ్ళాడు.

ముల్లు పైకి పోతే సంతోషపడకండి

ఆర్‌పీఎం మీటరు ముల్లు ఎంత పైకి పోతే ఇంజను అంత జోరుగా ఉన్నట్టు అనుకుంటాం. జెట్ బోటులో ఆ లెక్క పనిచేయదు. లోతైన, చెత్తలేని నీళ్ళలో, ఇద్దరు మనుషులతో, ట్యాంకు సగం ఉండగా థ్రాటిల్ మొత్తం ఇచ్చి ముల్లు ఎక్కడ నిలబడిందో చూడండి. కంపెనీ పుస్తకంలో ఆ మోడలుకు రాసిన అంకెతో పోల్చండి. ముల్లు ఆ అంకెను చేరి, లేదా దాటి, బోటు మాత్రం పరుగెత్తకపోతే ఇంజను తన పని తాను చేస్తున్నట్టే. నీళ్ళే ఇంపెల్లరుకు చిక్కకుండా జారిపోతున్నాయి. జాలీలో చెత్త, పంపులో గాలి, అరిగిన రింగు, దెబ్బతిన్న రెక్క, వీటిలో ఏదో ఒకటి. ముల్లు ఆ అంకెకు బాగా కిందే ఆగిపోతే అప్పుడు ఇంజనును అనుమానించండి. ఒక్క మినహాయింపు: షాఫ్టుకు తాడు చుట్టుకున్నా ముల్లు కిందే ఆగుతుంది, అందుకని ఆ పని కూడా ముందే చూసుకోవాలి.

ఈ అంకెను ఇంతగా నమ్మడానికి కారణం ఉంది. పంపు మింగే శక్తి ఆర్‌పీఎంకు ఘనంగా, అంటే మూడుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. 7,500 తిరగాల్సిన ఇంజను 6,750 దగ్గర ఆగిందనుకోండి. తగ్గింది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ 0.9ని మూడుసార్లు గుణిస్తే 0.73 వస్తుంది. అంటే ఇంజను తన శక్తిలో పావు వంతుకు పైగా పోగొట్టుకుంది. పంపు బాగున్న బోటులో ఆర్‌పీఎం మీటరే శక్తిని కొలిచే త్రాసు.

పనిలోపని, మే నెల మిట్టమధ్యాహ్నం ఈ పరీక్ష పెట్టకండి. మన వైపు ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు గాలి 25 డిగ్రీల నాటికంటే దాదాపు 6 శాతం పలుచన. ఇంజను శక్తీ ఆ మేరకు తగ్గుతుంది, ముల్లు 150 దాకా కిందికి దిగుతుంది. అది రోగం కాదు, వాతావరణం. తెల్లవారుజామున నదిలో దిగండి.

చేత్తో తడిమి చూసేది ఇక్కడే

ఇంజను ఆపండి. కిల్ స్విచ్ తాడు తీసి మీ జేబులో పెట్టుకోండి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. ఈ రెండూ చేయకుండా ఎవరినీ పంపులో వేలు పెట్టనివ్వకండి.

ట్రాలీ కింద పడుకుని జాలీ మీద టార్చి వేస్తే కృష్ణలో తిరిగిన బోటు చరిత్ర అంతా కనిపిస్తుంది. గుర్రపుడెక్క వేళ్ళు జడలా అల్లుకుని ఉంటాయి. ప్లాస్టిక్ సంచి ముక్కలు, దేవుడి పటాలకు వేసిన దండల దారాలు, చేపల వలల నైలాన్ పోగులు కూడా. నైలాన్ పోగు అన్నిటికంటే చెడ్డది. ఇంపెల్లరు దగ్గర షాఫ్టుకు చుట్టుకుని, రాపిడికి కరిగి గట్టి కడియంలా బిగుసుకుపోతుంది. పైనుంచి చూస్తే కనిపించదు. వేలితో తడిమితేనే షాఫ్టు ఉండవలసిన దానికంటే లావుగా తగులుతుంది. దాన్ని లాగి తీయాలని చూడకండి. సన్నటి కత్తితో ఒకచోట కోసి పొరలుపొరలుగా విప్పండి. ఆ పోగు సీలును కోసేసి ఉంటే పంపు బేరింగులోకి నీళ్ళు చేరతాయి. పంపు కోన్‌లో ఆయిలు ఉండే మోడలైతే ఒక చుక్క తీసి చూడండి, పాలలా తెల్లబడితే సీలు పోయినట్టే.

తర్వాత ఇంపెల్లరును చేత్తో నెమ్మదిగా తిప్పండి. గరగరమంటే బేరింగు. ఒకచోట పట్టి ఇంకోచోట వదులైతే షాఫ్టు వంగింది. ప్రతి రెక్క ముందు అంచును బొటనవేలితో నిమరండి. గులకరాయి తగిలిన చోట అంచు మడిచినట్టు ఉంటుంది. ఆ మడత దగ్గర నీళ్ళ ఒత్తిడి ఎంత పడిపోతుందంటే వేడి లేకుండానే నీరు ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు రెక్క మీద పగిలి లోహాన్నే కొరికి గుంటలు పెడతాయి. దీన్నే కావిటేషన్ అంటారు. ఆగి ఉన్న బోటు బయలుదేరేటప్పుడు ఇంజను ఒక్కసారిగా అరిచి, బోటు కదలక, కాసేపటికి పట్టు దొరికినట్టు ముందుకు పోతే అనుమానించాల్సింది దీన్నే. చిన్న మడతలైతే సన్నని ఆకురాయితో సరిచేయవచ్చు. రెక్క విరిగితే విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగు పెట్టి లేతు మీద తిప్పి ఇచ్చేవాళ్ళున్నారు కదా అనుకుంటాం. పని చక్కగా చేసినా, రెక్కల వంపులు ఒకేలా, బరువు సమంగా రాకపోతే ఆరేడు వేల ఆర్‌పీఎం దగ్గర ఆ అదురుడు బేరింగులను తినేస్తుంది. విరిగిన ఇంపెల్లరుకు మారు ఇంపెల్లరే.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది వేర్ రింగు. ఇంపెల్లరు చుట్టూ ఉండే ఈ గుండ్రటి గోడకూ రెక్క కొసకూ మధ్య సందు కొత్తలో మిల్లీమీటరులో మూడో వంతు దగ్గర ఉంటుంది. కృష్ణలో, గోదావరిలో ఇసుక కలిసిన నీళ్ళు ఆ సందులోంచే వెళ్ళి దాన్ని రోజురోజుకూ పెద్దది చేస్తాయి. ఒత్తిడితో వెనక్కి పోవలసిన నీళ్ళు ఆ సందులోంచి మళ్ళీ ముందుకే జారిపోతాయి. వాల్వు క్లియరెన్సు చూసే ఫీలర్ గేజిని ఒక్కో రెక్క దగ్గర, గోడ చుట్టూ నాలుగు చోట్ల దూర్చి చూడండి. మిల్లీమీటరుకు దగ్గరగా వస్తే చాలా మోడళ్ళలో రింగు మార్చే సమయం దాటిపోయింది. కచ్చితమైన హద్దు మీ మోడలు పుస్తకంలో ఉంటుంది. కొన్ని బోట్లలో ఈ రింగును అరిగిపోవడానికే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఇంజను విప్పించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

బోటును మామిడికాయల కాటా మీద ఎక్కించండి

ఇంజనుకూ పంపుకూ రోగం లేదని తేలినా బోటు లేవకపోతే వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. మామిడి, పత్తి లోడ్లు తూచే ఊళ్ళలో కాటాకు కొదవ లేదు. బోటుతో ట్రాలీని ఒకసారి, ఖాళీ ట్రాలీని ఒకసారి తూచి తేడా రాసుకోండి. కంపెనీ పుస్తకంలోని బరువు కంటే అది బాగా ఎక్కువైతే, పెట్రోలూ సామానూ పోగా అదనంగా ఉన్నది నీళ్ళే. పాత బోట్ల అడుగున, నేల కింద నింపిన ఫోము పగుళ్ళలోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు పీలుస్తుంది. లీటరు నీళ్ళంటే కిలో. జెట్ బోటు నీళ్ళ మీదికి లేచి జారుతూ పోవాలి. వంద కిలోలు ఎక్కువైతే ఆ లేవడమే కష్టమై జీవితాంతం ముక్కు ఎత్తుకుని దున్నుకుంటూ పోతుంది. ఇంత చిన్న పరీక్షను ఎవరూ చేయరు.

ఇంజను ముందు, నీళ్ళు తర్వాత

షెడ్డులో గొట్టం తగిలించి ఇంజను నడపాల్సి వస్తే ముందు నీళ్ళు వదిలి తర్వాత స్టార్టు చేయాలనిపిస్తుంది. అలా చేయకండి. ముందు ఇంజను స్టార్టు చేయండి, వెంటనే కుళాయి తిప్పండి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టేయండి, తర్వాత ఇంజను ఆపండి. ఇంజను తిరగనప్పుడు వచ్చిన నీళ్ళను బయటికి తోసే పొగ ఉండదు. ఆ నీళ్ళు సైలెన్సరు నిండి సిలిండర్లలోకి ఎక్కుతాయి. పిస్టను నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నీళ్ళు లేకుండా మాత్రం పది పదిహేను సెకన్లకు మించి తిప్పకండి. గొట్టం మీద రేజింగు ఇవ్వనే వద్దు.

తక్కువ గంటలు నడిచిన బోటు కోసం ఎగబడకండి

"మీటరు చూడండి, అసలు వాడనే లేదు" అనే మాటకు పడిపోతాం. పదేళ్ళలో కొద్ది గంటలే నడిచిన బోటు కంటే వారం వారం నడిచి, ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగిన బోటు నయం. సముద్రంలో నడిపి కడగకుండా పక్కన పెట్టిన బోటులో ఉప్పు చల్లదనపు దారులను మూసేస్తుంది. నిల్వ ఉన్న పెట్రోలు కార్బొరేటరు జెట్లలో జిగురవుతుంది. 1990ల నాటి కొన్ని బోట్లలోని బూడిదరంగు పెట్రోలు గొట్టాలు లోపల్లోపలే కరిగి ఆకుపచ్చ ముద్దై కార్బొరేటరు లోపలి చిన్న ఫిల్టరును మూస్తాయి. కార్బొరేటరు ఎన్నిసార్లు కడిగినా ఆ గొట్టం మార్చేదాకా రోగం తిరగబెడుతూనే ఉంటుంది.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీలుస్తుంది. హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి, పెట్రోలు గొట్టం మూతి కూడా ఉండేది అక్కడే. ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును తెల్ల గాజుసీసాలో పోసి గంటసేపు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. దాని మీద ఖరీదైన పెట్రోలు పోసి, డబ్బా మందులు కలిపి డబ్బు పారేసుకోకండి.

ట్యాంకుకు గాలి పోయే సన్నటి గొట్టం కూడా చూడాలి. తోట షెడ్డులో ఉన్న బోటుకైతే మరీను. మట్టిగూడు కట్టే కందిరీగకు అలాంటి కన్నాలంటే ప్రాణం. కన్నం మూసుకుంటే బోటు పావుగంట చక్కగా పోయి, తర్వాత నీరసపడి ఆగుతుంది. ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. ఎలుకలు కొరికిన వైర్లు చూడమని వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద ఇంజను పెట్టకండి, కారు సామాను అసలే వద్దు

ముల్లు కిందే ఆగి, తాడు చుట్టుకోలేదని తేలి, పెట్రోలూ శుభ్రంగా ఉంటే ఇక నిజంగా ఇంజను దగ్గరికి వెళ్ళాలి. అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండు ఛార్జింగు ఉన్న బ్యాటరీతో ఒక్కో సిలిండరు కంప్రెషన్ చూడండి. గేజి గేజికీ అంకె మారుతుంది, అందుకని అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాను పట్టించుకోండి. పదో వంతుకు మించి తేడా ఉంటే లోపల పని ఉంది. ప్లగ్గు మీద నీటి బిందువులో తుప్పో కనిపిస్తే గ్యాస్కెట్టు. కంప్రెషన్ సమంగా ఉంటే ఇంజను హెడ్డు విప్పనివ్వకండి, ఎవరు ఎంత గట్టిగా చెప్పినా సరే. చల్లదనపు నీళ్ళు బయటికి చిమ్మే చిన్న కన్నం ధారగా వస్తోందో లేదో చూడండి. అది ఇసుకతో మూసుకుంటే ఇంజను వేడెక్కి, కొత్త తరహా బోట్లలో కంప్యూటరే ఆర్‌పీఎంను తొక్కిపడుతుంది.

పంపు అరిగిన బోటుకు పెద్ద ఇంజను పెడితే నురగ ఎక్కువవుతుంది, అంతే. ఇక గాలి ఎక్కువ పీలుస్తుందని మంటను ఆపే ఫ్లేమ్ అరెస్టరు తీసేయడం, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు ఆటోనగర్‌లో కారువి దొరికాయని బిగించడం చూసి నేను నిజంగా భయపడతాను. కారు కింద నేల ఉంటుంది, పెట్రోలు ఆవిరి గాలికి పోతుంది. బోటు అడుగు మూసిన తొట్టి. గాలి కంటే బరువైన ఆ ఆవిరి అక్కడే నిలబడుతుంది. బోటు సామానును నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి తయారుచేస్తారు, కారు సామానును అలా చేయరు. ప్రతిసారీ స్టార్టు చేసే ముందు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయరును నాలుగు నిమిషాలు తిప్పండి.

భయమేస్తే థ్రాటిల్ వదలకండి

జెట్ బోటుకు చుక్కాని ఉండదు. చిమ్మే ధారను పక్కకు తిప్పితేనే బోటు తిరుగుతుంది. ఎదురుగా ఏదో కనిపించి భయపడి థ్రాటిల్ వదిలేస్తే ధార ఆగుతుంది, స్టీరింగు ఎంత తిప్పినా బోటు నేరుగా వెళ్ళి దాన్నే గుద్దుతుంది. కాస్త థ్రాటిల్ ఉంచి తిప్పాలి. లాగని బోటు కేవలం నెమ్మదైన బోటు కాదని ఇంతగా చెప్పడం ఇందుకే. శక్తి పోయిన జెట్ బోటుకు దారి మార్చుకునే దిక్కు కూడా పోతుంది.

తిరువూరు దారి కృష్ణను చేరే ఇబ్రహీంపట్నం దగ్గరే, ఫెర్రీ వద్ద, 2017 నవంబరు 12న పర్యాటకుల పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. దానికి అనుమతి లేదు, ఎక్కినవాళ్ళకు లైఫ్ జాకెట్లు లేవు. అక్కడి నుంచి దిగువకు పోతే ప్రకాశం బ్యారేజీ. 2024 సెప్టెంబరు వరదలో అక్కడ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. ట్రయలుకు వరద రోజులు వద్దు. ప్రవాహం నిలకడగా ఉన్నప్పుడు, కనీసం మూడడుగుల లోతులో, అందరికీ జాకెట్లు వేసి, లంగరు, పొడవాటి తాడు, తెడ్డు పెట్టుకుని, పక్కన ఇంకో పడవ ఉండగా దిగండి. ఇంటివాళ్ళను, పిల్లలను ట్రయలుకు ఎక్కించకండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషనూ సర్వే కాగితాలూ ఉండాలి. బోటు కొనేటప్పుడే అవి అడగండి.

ట్రయలు ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి వేసి ఫోనులో వేగం చూసి సగటు తీయండి. తేదీ, ఎండ ఎన్ని డిగ్రీలు, ముల్లు ఎక్కడ ఆగింది, వేగం, కాటా బరువు, రింగు సందు ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంజను మూత లోపల అంటించండి. వచ్చే ఏడాది "లాగట్లేదు" అనిపించిన రోజున మొదట ఆ కాగితమే చదవండి. బోటు అమ్మేస్తే కాగితం కూడా కొన్నవాళ్ళకే ఇవ్వండి.